తొణకిన పెట్రోలు, తడబడిన ఇంజను

వేసవిలో కర్నూలు, కడప జిల్లాల పల్లెలకు నీరు తోలు ట్యాంకరును మన పాఠకులు చూచియే యుందురు. నిండుగా నింపుకొని బయలుదేరినపుడు అది మలుపులలో బరువుగా, నెమ్మదిగా, కాని కుదురుగా పోవును. రెండు వీధులలో నీరు పోసి సగము ఖాళీయైన తరువాత అదే ట్యాంకరు అదే మలుపులో ఒక ప్రక్కకు ఒరిగి, మరల రెండవ ప్రక్కకు ఊగును. బరువు సగమైనది గాని నడుపుట తేలిక కాలేదు. నిండుకుండ తొణకదన్న సామెతను మన పెద్దలు మనుష్యుల నుద్దేశించి చెప్పిరి. భౌతికశాస్త్రములో మాత్రము అది అక్షరాల నిజము. నిండిన పాత్రలో ద్రవమునకు కదలుటకు చోటు లేదు. సగము నిండిన దానిలో కలదు.

నీరు తొణకినచో బండి ఊగును, అంతే. బండిని నడిపించు పెట్రోలే తొణకినచో ఏమగును? ట్యాంకులో ఇరువది లీటర్ల పెట్రోలు ఉండగనే ఇంజను ఆకలితో మాడును. ఇది అతిశయోక్తి కాదు. పందెపు కార్లను వేగముగా మలుపు త్రిప్పువారికి ఇది నిత్యము ఎదురగు చిక్కు. ఒకప్పుడు యుద్ధవిమానముల పైలట్లకు ఇది ప్రాణాంతకమైన చిక్కు. దీని చరిత్ర మోటారు వాహనముల చరిత్రయంత పాతది.

ముందుగా లెక్క చూతము. వాహనము ఎడమకు తిరుగుచున్నదనుకొనుడు. వాహనమునకు ఎడమవైపు త్వరణము కలుగును. ట్యాంకులోని ద్రవము జడత్వము చేత తన దారిన తిన్నగా పోజూచును. కావున అది కుడి గోడకు ఎగబ్రాకును. ద్రవమును బయటికి నెట్టు బలమేదియు నిజముగా లేదు; ట్యాంకే ద్రవము క్రిందినుండి ప్రక్కకు జరుగుచున్నది. అయితే బండిలో కూర్చున్నవారి దృష్టితో చూచినపుడు దానిని అపకేంద్ర బలమని చెప్పుకొనుట లెక్కకు అనుకూలము. ఉపాధ్యాయులు ఈ భేదమును తరగతిలో ఒకసారి నొక్కి చెప్పుట మంచిది.

ద్రవము యొక్క ఉపరితలము ఎంత వంగునో తెలిసికొనుటకు చిన్న సూత్రము చాలును. వేగము యొక్క వర్గమును మలుపు వ్యాసార్ధముతో భాగించినచో పార్శ్వ త్వరణము వచ్చును. దానిని గురుత్వ త్వరణముతో భాగించినచో ఉపరితలపు వాలు వచ్చును. కడపనుండి రాయచోటికి పోవు దారిలోని గువ్వలచెరువు ఘాటు వంటి చోట 40 మీటర్ల వ్యాసార్ధము గల మలుపు ఒకటి ఉన్నదనుకొందము. బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున తిరిగినచో త్వరణము 2.5; అది గురుత్వ త్వరణములో సుమారు నాల్గవ వంతు. ఉపరితలము నాలుగడుగులకు ఒక అడుగు చొప్పున, అనగా సుమారు 14 డిగ్రీలు వంగును. అదే మలుపును పందెపు కారు రెండింతల వేగముతో, గంటకు 72 కిలోమీటర్ల చొప్పున తిరిగినచో త్వరణము రెండింతలు కాదు, నాలుగింతలగును. ఉపరితలము 45 డిగ్రీలు వంగును! మంచి టైర్లు పొడి రోడ్డుమీద ఈ మాత్రము పట్టును ఇయ్యగలవు.

ఇపుడు 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు గల ట్యాంకును తీసికొందము. దీనిలో 60 లీటర్లు పట్టును. పెట్రోలును పీల్చు గొట్టము అడుగున సరిగా నడుమ నున్నది. ద్రవము 45 డిగ్రీలు వంగి, దాని అంచు నడుమనున్న గొట్టపు మూతిని అప్పుడే విడుచుచున్న స్థితిని కాగితముమీద గీయుడు. బయటి గోడనుండి 10 సెంటీమీటర్ల వరకు ద్రవము పైకప్పును తాకును. అచటినుండి వాలుగా దిగి 30 సెంటీమీటర్ల వద్ద అడుగును చేరును. ఈ ఆకారపు వైశాల్యము 400 చదరపు సెంటీమీటర్లు. పొడవుతో గుణించినచో 20,000 ఘనపు సెంటీమీటర్లు, అనగా 20 లీటర్లు. ట్యాంకులో మూడవ వంతు పెట్రోలు ఉండగనే గొట్టము గాలిని పీల్చుట మొదలుపెట్టునన్నమాట. పైన చెప్పిన బస్సు వేగమునకు ఇదే ట్యాంకు విషయమున లెక్క వేసినచో ఐదున్నర లీటర్లకు కొంచెము పైన తేలును. ఘాటు ఎక్కబోవు ముందు ట్యాంకు నింపుకొనుట మంచిదని చెప్పుటలో ఇంత గణితము దాగియున్నది.

1893లో జర్మనీ దేశీయుడైన విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోలును సన్నని జెట్టు గుండ చిమ్మించి గాలితో కలుపు కార్బురేటరును రూపొందించెను. జెట్టుకు పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టమున అందవలెను. ఇందుకై ప్రక్కన ఒక చిన్న గిన్నె, అందులో తేలు ఫ్లోటు, దానికి తగిలించిన సూది కవాటము ఉండును. గిన్నెలో మట్టము తగ్గినచో ఫ్లోటు దిగి కవాటమును తెరచును. నిండినచో లేచి మూయును. మన ఇండ్లమీది నీటితొట్లలో బంతి కవాటము చేయుపనియు ఇదియే. ఎంత చక్కని ఉపాయము! కాని దీనిలో ఒక నమ్మకము ఇమిడియున్నది: ‘క్రిందు’ అనునది ఎల్లప్పుడు భూమివైపే యుండునన్న నమ్మకము. బండి మలుపు తిరిగిన క్షణమున ఆ నమ్మకము చెడును. గిన్నెలోని పెట్రోలుకు ‘క్రిందు’ ప్రక్కకు జరుగును. జెట్టు ఒక వైపున ఉన్నచో పెట్రోలు దానిని విడిచి ఇంజను పస్తుండును. మరొక వైపున ఉన్నచో పెట్రోలు ఎక్కువై పొంగిపొరలును. ఒకే కార్బురేటరు కుడి మలుపులో ఒక విధముగా, ఎడమ మలుపులో మరొక విధముగా బాధించుట ఇందువలననే.

తొలినాటి కార్లలో పెట్రోలు పంపు కూడ ఉండెడిది కాదు. 1908లో వెలువడిన ఫోర్డు ‘టి’ మోడలులో ట్యాంకు ముందు సీటు క్రింద ఉండెడిది. పెట్రోలు గురుత్వాకర్షణచేతనే కార్బురేటరుకు పారవలెను. నిటారైన ఘాటు ఎక్కునపుడు ఇంజను పైకి లేచి ట్యాంకు క్రిందికి పోవును. పెట్రోలు తక్కువగా ఉన్నచో ఏటవాలు ఎదురై ప్రవాహము ఆగును. డ్రైవర్లు దీనికి కనుగొన్న ఉపాయము నవ్వు పుట్టించును: కారును వెనుకకు త్రిప్పి రివర్సు గేరులో కొండ ఎక్కించెడివారు! అపుడు ట్యాంకు పైనను, ఇంజను క్రిందను ఉండును గదా. కోటిన్నర అమ్ముడైన కారు తన లోపముతో ఇట్లు రాజీపడి 1927 వరకు తయారైనది.

కొండనెక్కు కారు ఆగినచో దిగి నెట్టవచ్చును. ఆకాశములో అట్టి వీలు లేదు. 1940 వేసవిలో బ్రిటనుమీద జరిగిన వైమానిక యుద్ధములో స్పిట్‌ఫైరు, హరికేను విమానములు రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ ఇంజనుతో ఎగిరెడివి. ఆ ఇంజనుకు ఫ్లోటు గిన్నె గల ఎస్.యు. కార్బురేటరు ఉండెడిది. ఎదుటివారి మెస్సర్‌ష్మిట్ 109 విమానమునకు డైమ్లర్ బెంజ్ ఇంజను. దానిలో పెట్రోలును నేరుగా సిలిండర్లలోనికి చిమ్ము ఏర్పాటు, ఫ్లోటు గిన్నె లేదు. ప్రమాదము వచ్చినపుడు జర్మను పైలటు ముక్కు వంచి ఒక్కసారిగా క్రిందికి దూకెడివాడు. వెంటబడిన బ్రిటిషు పైలటు కూడ ముక్కు వంచినచో అతని ఇంజను గుటుక్కున ఆగెడిది. ఒకటి రెండు సెకనులు చాలును, శత్రువు తప్పించుకొనును. లేక తిరిగి వెంబడించును. బ్రిటిషు పైలట్లు దీనికి ఒక దొంగదారి నేర్చిరి. విమానమును మొదట బోర్లించి, తరువాత కట్టె లాగి దూకెడివారు. అట్లు చేసినచో ద్రవమునకు ‘క్రిందు’ గిన్నె అడుగువైపే ఉండును. కాని బోర్లించుటకు పట్టు సమయము పోరాటములో తక్కువది కాదు.

ఈ చిక్కును విప్పినది ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో పనిచేయుచుండిన బియాట్రిస్ షిల్లింగ్ అను స్త్రీ ఇంజనీరు. ఈమె 1909లో జన్మించెను. మాంచెస్టరులో విద్యుత్ ఇంజనీరింగు చదివి 1936లో ఆ సంస్థలో చేరెను. మోటారు సైకిలు పందెములలో ఆరితేరినది. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపుబాటలో నార్టన్ బండిమీద గంటకు 106 మైళ్ల వేగముతో చుట్టు తిరిగి, నూరు మైళ్లు దాటినవారికి ఇచ్చు బంగారు నక్షత్రమును సంపాదించెను.

ముక్కు వంచినపుడు ఇంజను ఆగుచున్నదనగానే పెట్రోలు అందుట లేదని ఎవరైనను అందురు. అది సగము నిజము మాత్రమే. నిజమున రెండు వేరువేరు సంఘటనలు వెంటవెంటనే జరుగుచుండెను. మొదట గిన్నెలోని పెట్రోలు పైకెగసి జెట్లు బయటపడును. ఇంజను క్షణకాలము పస్తుండును. అటుపిమ్మట ఫ్లోటు తప్పు దిక్కుకు పోయి సూది కవాటమును పూర్తిగా తెరచును. పంపు తన బలముకొలది పెట్రోలును త్రోయును. గిన్నె పొంగి ఇంజనులోనికి పెట్రోలు వెల్లువవలె చేరును. మొదటిది ఆకలి, రెండవది అజీర్ణము! ఎక్కువసేపు ఇంజనును పడగొట్టునది ఈ రెండవదియే. ఆకలి యని మాత్రమే తలచి పెట్రోలు పెంచుటకు పూనుకొన్నవాడు రోగమును ముదిరించును.

షిల్లింగ్ చేసిన మందు చిన్న ఇత్తడి బిళ్ల. మొదట దర్జీవాని అంగుస్తాను వంటి ఆకారములో, తరువాత నడుమ రంధ్రము గల వాషరు ఆకారములో దానిని చేసిరి. ఇంజను పూర్తి శక్తితో నడచుటకు ఎంత పెట్రోలు కావలెనో సరిగా అంతే పోవునట్లు రంధ్రపు కొలతను నిర్ణయించిరి. ఇంజను పీడనమును బట్టి రెండు కొలతలు ఉండెడివి. కవాటము పూర్తిగా తెరచుకొన్నను వెల్లువ రాదు. దీనిని బిగించుటకు విమానమును యుద్ధరంగమునుండి తప్పించి కర్మాగారమునకు పంపనవసరము లేదు. 1941 మార్చి నుండి షిల్లింగ్, ఆమె బృందము వైమానిక స్థావరములు తిరిగి వీనిని అమర్చిరి. ఆమె తన నార్టన్ మోటారు సైకిలుమీదనే తిరిగెను. పైలట్లు ఈ బిళ్లకు ఆమె పేరు కలిపి మోటుహాస్యపు పేరొకటి పెట్టిరి. అనేక గ్రంథములు ఈనాటికిని ఆ హాస్యముతోనే కథ ముగించును. ఇంత చక్కని రోగనిర్ణయమునకు అది తగిన గౌరవమని ఈ వ్యాసకర్త తలచుట లేదు.

ఇది పూర్తి చికిత్స కాదు. తలక్రిందులుగా చాలసేపు ఎగురుట అప్పటికిని సాధ్యము కాలేదు. మొదటి క్షణపు తడబాటు మిగిలియే యుండెను. 1943లో ఫ్లోటు గిన్నె లేని, పీడనముతో పనిచేయు కార్బురేటరు మెర్లిన్ ఇంజనుకు వచ్చిన తరువాత ఆ కొరతయు తీరినది. మొదటనే జర్మనులవలె నేరుగా చిమ్ము ఏర్పాటును ఎందుకు పెట్టుకొనలేదని విద్యార్థులు అడుగవచ్చును. సిలిండరు చేరకముందే గాలిలో ఆవిరియగు పెట్రోలు ఆ గాలిని చల్లబరచును. చల్లని గాలి సాంద్రమై ఎక్కువ శక్తి నిచ్చును. ఆ లాభము కొరకే రోల్స్‌రాయిస్ వారు కార్బురేటరును పట్టుకొనియుండిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట పాడుబడిన విమానాశ్రయములే అనేక దేశములలో పందెపు బాటలైనవి. మన దక్షిణాదిలోను అట్లే జరిగినది. మద్రాసునుండి నెల్లూరు పోవు దారిలోనున్న షోలవరము పాత విమానాశ్రయముమీద మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు పందెములు నడపిరి. ఆ క్లబ్బు 1953లో ఏర్పడినది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోటలో ప్రత్యేకముగా కట్టిన బాట తెరచువరకు దక్షిణదేశమున పందెమనగా షోలవరమే. విమానములు దిగుటకు వేసిన తిన్నని బాటలు, వాని చివర ఒక్కసారిగా వచ్చు మలుపులు: ఫ్లోటు గిన్నెను పరీక్షించుటకు ఇంతకంటె కఠినమైన ప్రశ్నపత్రము లేదు. సాధారణముగా ఊరిలో తిరుగుటకు చేసిన కార్లనే మెరుగుదిద్ది అచట పరుగెత్తించెడివారు. ఆ కార్ల ట్యాంకులు వెడల్పుగా, పలుచగా ఉండెడివి. మన లెక్కప్రకారము ఇది చెడ్డ ఆకారము.

పూర్వము తెలుగుదేశమునుండి వలసపోయి కోయంబత్తూరు ప్రాంతమున స్థిరపడిన కుటుంబములు ఈ పందెములలో ముఖ్యపాత్ర వహించినవి. వారిలో సుందరం కరివరదన్ డ్రైవరే కాక నిర్మాత కూడ. 1988లో ఆయన మారుతి 800 కారులోని 796 ఘనపు సెంటీమీటర్ల ఇంజనును ఉపయోగించి ఒక మనిషి కూర్చుండు చౌక పందెపు కారును రూపొందించెను. దానికి ‘ఫార్ములా మారుతి’ అని పేరు. ఎందరో యువకులు పందెపు విద్యను దానిమీద నేర్చిరి. ఆయన 1995లో విమాన ప్రమాదమున మరణించెను. కోయంబత్తూరులోని కరి మోటారు స్పీడ్‌వే ఆయన పేర వెలసినది.

ఇంజను మలుపులో తడబడుచున్నదని తెలిసినపుడు కారణమును పట్టుకొనుట ఎట్లు? మెకానిక్కుల భాషలో ‘బండి మిస్సింగు కొట్టుచున్నది’ అన్న ఒక్క మాటలో పది రోగములు ఉండవచ్చును. మొదటి ప్రశ్న: ఏ వైపు మలుపులో? ఎడమ మలుపులోనే వచ్చి కుడి మలుపులో రానిచో ద్రవపు వాలును అనుమానింపవలెను. ఫిల్టరు పూడినచో తిన్నని బాటమీద పూర్తి వేగమున కూడ అదే బాధ కలుగును. దానికి కుడి ఎడమలు తెలియవు. రెండవ ప్రశ్న: ట్యాంకు నింపినచో తగ్గుచున్నదా? తగ్గినచో దోషము ట్యాంకులో నున్నది. నింపినను తగ్గక, మలుపు మొదలైన వెంటనే వచ్చుచున్నచో ఫ్లోటు గిన్నెను చూడవలెను. ట్యాంకు దోషము కొంచెము ఆలస్యముగా వచ్చును. గొట్టములోను గిన్నెలోను మిగిలిన పెట్రోలు అయిపోవువరకు ఇంజను ఓర్చుకొనును. అందుచేత చిన్న మలుపులలో కనబడని రోగము పొడవైన మలుపులో బయటపడును. విశాలమైన మైదానములో ఒకే వ్యాసార్ధముతో కొంతసేపు గుండ్రముగా కుడికి, తరువాత ఎడమకు తిరుగుట దీనికి మంచి పరీక్ష. నిప్పురవ్వ తప్పినచో ఇంజను దెబ్బ కొట్టినట్లు ఆగి, దెబ్బ కొట్టినట్లే తిరిగి అందుకొనుట సామాన్యము. పెట్రోలు తగ్గినచో ఎక్కువగా నీరసించుచు పోవును. విద్యుత్ పంపు గాలిని పీల్చునపుడు దాని మోత మారును. చెవి గలవారు దానిని గుర్తింతురు. అన్నిటికంటె నమ్మదగినది గొట్టములో అమర్చిన పీడన మాపకము. మలుపులో ముల్లు పడిపోయినచో ఇంక వాదము లేదు.

ఇట్టి పరీక్ష లేవియు చేయక పెద్ద జెట్టు వేయుట కొందరికి అలవాటు. దానివలన తిన్నని బాటమీద పెట్రోలు వృథాగా మండును, మలుపులో గాలి పీల్చుట మాత్రము ఆగదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి చాలును. పూర్తి శక్తి కావలసినపుడు గాలిని ఇంకను తగ్గింతురు. ఇంజను గట్టిగా లాగుచున్న సమయమున పెట్రోలు పాలు తగ్గినచో మంట వేడెక్కి, కాలము తప్పి ప్రేలి, ముషలకము, అనగా పిస్టను, నడినెత్తిన కరగి చిల్లు పడవచ్చును. తడబాటు రెండు సెకనులదే కావచ్చును, ఖర్చు మాత్రము ఇంజను ఖరీదంత.

మందులలో పాతది అడ్డుపలక. ట్యాంకులో నిలువు పలకలు పెట్టి, అడుగున చిన్న రంధ్రములు వదలినచో ద్రవము ఒక్కసారిగా ప్రక్కకు దూకజాలదు. నీటి ట్యాంకర్లలోను ఇట్టివి పెట్టుదురు. పీల్చు గొట్టము చుట్టు పెట్టెవలె కట్టి, లోపలికి మాత్రమే తెరచుకొను చిన్న తలుపులు అమర్చుట ఇంకను మేలు. వచ్చిన పెట్రోలు తిరిగి పోలేదు. అడుగున గుంట చేసి గొట్టపు మూతిని అందులో ఉంచవచ్చును. ట్యాంకులో స్పంజి వంటి నురుగు పదార్థమును నింపుదురు. అది తొణుకును అణచుటయే గాక, ప్రమాదములో పెట్రోలు చిమ్మి మండకుండను కాపాడును. ఫార్ములా వన్ పందెములలో 1970నుండి రబ్బరు సంచి వంటి ట్యాంకులను నిర్బంధము చేసిరి.

కార్బురేటరు పోయి ఇంధనమును పీడనముతో చిమ్ము ఏర్పాటు వచ్చినపుడు ఫ్లోటు గిన్నె బాధ తీరినది. 1954లో మెర్సిడిస్ వారి పందెపు కారును, 300 ఎస్.ఎల్. కారును ఈ మార్గము త్రొక్కినవి. కాని చిక్కు పూర్తిగా పోలేదు. గిన్నెనుండి ట్యాంకుకు జరిగినది. గిన్నెలోని కొద్దిపాటి నిలువ ఒకటి రెండు సెకనులు ఇంజనును ఆదుకొనెడిది. పీడనపు పంపుకు అట్టి నిలువ లేదు. ఒక్క గుక్క గాలి పీల్చినచో పీడనము కుప్పకూలును. పైగా ఆ పంపును చల్లబరచునదియు పెట్రోలే. అందుచేత పందెపు కార్లలో లీటరో రెండు లీటర్లో పట్టు నిలువుపాటి చిన్న పాత్రను నడుమ పెట్టుదురు. ఒక చిన్న పంపు పెద్ద ట్యాంకునుండి దీనిని నింపుచుండును; ఎక్కువైన పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోవును. పీడనపు పంపు ఎల్లప్పుడు నిండియుండు ఈ పాత్రనుండియే త్రాగును. చిన్న పంపు రెండు సెకనులు గాలి మ్రింగినను ఇంజనుకు తెలియదు. నిండుకుండను ట్యాంకు ప్రక్కన వేరుగా పెట్టుకొన్నట్లే గదా! ఈనాటి సాధారణ కార్లలోను ట్యాంకులోపల పంపు చుట్టు చిన్న గిన్నె ఉండును. అది ఈ పాత్రకు తమ్ముడు.

డీజిలు బండ్ల సంగతి ఒక్క మాట. గొట్టములో గాలి చేరినచో డీజిలు ఇంజను తనంతట తాను కోలుకొనుట కష్టము. ‘గాలి పట్టినది’ అని చెప్పి డ్రైవరు దిగి, స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో నురుగు పోవువరకు కొట్టుట మన రోడ్లమీద ఎరిగిన దృశ్యమే.

దీనిని తరగతిలో చూపుట సులభము. పారదర్శకమైన చదరపు డబ్బాలో మూడవ వంతు రంగునీరు పోసి, తిరుగు బల్లమీద కేంద్రమునకు దూరముగా బిగించి త్రిప్పుడు. నీటి వాలును సెల్‌ఫోనుతో చిత్రీకరించి, కోణమాపకముతో కొలిచి, సూత్రముతో సరిపోల్చవచ్చును. తరువాత అట్టముక్కతో కాక ప్లాస్టిక్ ముక్కతో అడ్డుపలక చేసి, తిరుగుట ఆరంభించిన క్షణమున నీరు ఎంత ఆలస్యముగా ప్రక్కకు చేరునో గమనింపుడు. ఎక్కువసేపు త్రిప్పినచో అడ్డుపలక ఉన్నను వాలు తుదకు అంతే వచ్చును. అడ్డుపలక ఆలస్యము చేయునే గాని ఆపదని అపుడు విద్యార్థులకే తోచును.

రాకెట్లలో ఈ చిక్కు మరింత పెద్దది. బరువులో అధికభాగము ద్రవమే. 1969 జూలైలో అపోలో 11 చంద్రునిపై దిగునపుడు ట్యాంకులో ద్రవము ఊగుటచేత ఇంధనము తగ్గినదన్న దీపము కావలసినదానికంటె ముందే వెలిగినది. అపోలో 14 నాటికి ట్యాంకులకు అదనపు అడ్డుపలకలు చేర్చిరి. 2007 మార్చిలో ఫాల్కన్ 1 అను అమెరికా రాకెట్టు రెండవ ప్రయోగమునకు లేచినది. రెండవ దశలోని ద్రవ ఆక్సిజను ట్యాంకులో అడ్డుపలకలు లేవు. ద్రవము ఊగి రాకెట్టును ఊపెను. రాకెట్టు తనచుట్టు తాను తిరుగసాగెను. ఆ తిరుగుటలో ద్రవము గోడలకు అంటుకొని అడుగునున్న మార్గమును విడిచెను. ట్యాంకులో ద్రవము ఉండగనే ఇంజను ఆరిపోయినది. అటుపిమ్మట ఆ ట్యాంకులో అడ్డుపలకలు అమర్చిరి. 2008 సెప్టెంబరు 28న నాల్గవ ప్రయోగములో ఆ రాకెట్టు కక్ష్యను చేరినది.